పొలం నుండి కంప్యూటరు వరకు: ప్రయోగ ప్రణాళిక కథ

ఒక ఫలితం ఇరవై అంశాలపై ఆధారపడి ఉన్నదనుకొందాము. ప్రతి అంశాన్నీ హెచ్చు, తగ్గు అను రెండు స్థాయిలలో ఉంచి అన్ని కలయికలూ పరీక్షించవలెనన్నచో 10,48,576 ప్రయోగాలు కావలెను. కంప్యూటరుపై ఒక్కొక్క ప్రయోగానికి గంట పట్టినచో, ఒకే యంత్రంపై ఆ పని ముగియుటకు సుమారు 120 సంవత్సరాలు పట్టును. కనుక యంత్రవేగం ఒక్కటే చాలదు. ప్రణాళిక కూడ అవసరం.

ఈ ప్రణాళికాశాస్త్రం పుట్టినది పొలంలో. 1919లో ఇంగ్లండులోని రోతామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో రోనాల్డ్ ఫిషర్ చేరినాడు. ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చవలెనను పాత నియమాన్ని ఆయన 1926లో ఖండించినాడు. ఎరువు, నీరు విడివిడిగా ఇచ్చు ఫలితం వేరు. రెండూ కలిసి ఇచ్చు ఫలితం వేరు. అందువలన అంశాలను కలిపి మార్చిననే నిజం తెలియును.

అయితే అన్ని కలయికలనూ చూడక, కొన్నింటినే ఎన్నుకొనుట ఎట్లు? 1946లో ప్లాకెట్, బర్మన్ అనువారు 11 అంశాలను 12 ప్రయోగాలతో పరీక్షింపగల పట్టికను చూపినారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1947లో ఇట్టి పట్టికలకు సామాన్య సిద్ధాంతం ఏర్పరచినారు. వీటిని లంబ వ్యూహాలని చెప్పవచ్చును. మూడు అంశాలకు మొత్తం కలయికలు ఎనిమిది. ఈ వ్యూహంలో నాలుగే చాలును:

1. తగ్గు, తగ్గు, తగ్గు
2. హెచ్చు, హెచ్చు, తగ్గు
3. తగ్గు, హెచ్చు, హెచ్చు
4. హెచ్చు, తగ్గు, హెచ్చు

ఏ రెండు నిలువు వరుసలు తీసుకొన్నను నాలుగు రకాల జతలూ ఒక్కొక్కసారి వచ్చుట గమనించండి. ఈ పొదుపుకు మూల్యం లేకపోలేదు: ఒక అంశం చూపు ప్రభావాన్ని, తక్కిన రెండూ కలిసి చూపు ప్రభావంనుండి ఈ పట్టిక వేరు చేయలేదు.

కంప్యూటరు మరొక చిక్కు తెచ్చినది. ఒకే ఎరువును రెండు మళ్లలో వేసిన దిగుబడులు ఒకటిగా ఉండవు. కావున పొలంలో ప్రయోగాన్ని మరల మరల చేయవలెను. యాదృచ్ఛిక సంఖ్యలు వాడని కంప్యూటరు నమూనా మాత్రం, అవే విలువలిచ్చిన అదే జవాబు చెప్పును. అక్కడ పునరావృత్తి వ్యర్థం. విలువలను అంతటా వెదజల్లుటయే మేలు. 1979లో మెకే, బెక్‌మన్, కోనోవర్ అనువారు ప్రతి అంశం పరిధిని ప్రయోగాల సంఖ్యకు సమానమైన భాగాలుగా విభజించి, ప్రతి భాగాన్నీ ఒక్కసారి మాత్రమే తాకు పద్ధతిని ప్రకటించినారు. దానికి లాటిన్ హైపర్‌క్యూబ్ అని పేరు. 1990 తరువాత ఓవెన్, టాంగ్ మొదలగువారు లంబ వ్యూహాలను ఈ కంప్యూటరు ప్రయోగాలకు ఉపయోగించినారు.

లోలకం పొడవు, గుండు బరువు, ఊపు వెడల్పు అను మూడు అంశాలతో పై పట్టికను తరగతిలోనే పరీక్షించవచ్చును. ప్రతి అంశానికి హెచ్చు వరుసలు రెంటి సగటు డోలన కాలాన్ని, తగ్గు వరుసలు రెంటి సగటుతో పోల్చినచో, కాలాన్ని నిర్ణయించునది ముఖ్యంగా పొడవేయని నాలుగు ప్రయోగాలతోనే విద్యార్థులు గ్రహింతురు.