అడవిలోని ఆకలి

కరవనగానే మనవారు ఆకాశమువంక చూతురు. వాన కురియలేదనియో, చెరువు తెగినదనియో కారణము చెప్పుదురు. కాని మా తల్లాడనుండి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెమునకును, అచటినుండి భద్రాచలమునకును పోవు బాట కిరువైపుల అడవులలో, వానతో నిమిత్తము లేని ఆకలి రెండుమారులు పుట్టినది.

మొదటిది తెలంగాణ పోరాటకాలమునాటిది. నిజాము ప్రభుత్వము లెవీ పేర ధాన్యము గైకొనుచుండ, దొరలు లెక్కలు దాచి తప్పించుకొనిరి. చిన్నరైతు గాదె అడుగంటెను. పోరాటమును రగిల్చిన తగవులలో నిదియు నొకటి. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతసైన్యమునకు లొంగిన పిమ్మట దళములు గోదావరి అడవులను జేరినవి. దళములకు గంజి పోయు చేతులను దూరము చేసిన చాలునని ప్రభుత్వమువారు తలచిరి. కోయగూడెములను ఖాళీచేయించి జనమును శిబిరములకు తరలించిరి. మలయాలో 1950లో బ్రిటిషు సేనాని బ్రిగ్స్ నడపిన పథకమును ఇట్టిదియే. గూడెములు కాలిపోయిన వనియు, శిబిరములలో రోగములచే పలువురు మరణించిరనియు పుచ్చలపల్లి సుందరయ్య వ్రాసెను. ఆయన ఆ పోరాటమున నాయకుడు. ఆయన లెక్కలను సరిచూచుకొనియే గ్రహింపవలెను. కాని తరలింపు జరుగలేదని ఎవ్వరు ననజాలరు.

ఈ తరలింపువలన కలుగు నష్టమును పట్టణవాసులు తేలికగా గ్రహింపజాలరు. కోయవాని గాదె అడవియే. ఇప్పపూవు, తునికిపండు, గడ్డలు అచటనే దొరకవలెను. పోడును వేసవిలో నరకి, కాల్చి, తొలకరికి విత్తవలెను. ఆ నెల శిబిరములో గడచెనా, ఏడాది గింజ పోయినట్లే. అటుపై పరులు కొలిచి పెట్టిన బియ్యమే దిక్కు.

రెండవది 2005 జూనులో దంతెవాడ ప్రాంతమున సల్వాజుడుముతో మొదలయ్యెను. మరల ఊళ్లు ఖాళీయయ్యెను, మరల శిబిరములు వెలసెను. మావోయిస్టులకు తిండి అందరాదని పల్లెసంతలను సైతము మూయించిరి. శిబిరమున కొల్లనివారు వేలకొలదిగా సరిహద్దు దాటి ఖమ్మము జిల్లా అడవులలో గుడిసెలు వేసికొనిరి. వీరిని మనవారు గుత్తికోయలందురు. నందినీ సుందర్, రామచంద్ర గుహ, మన ఇ.ఎ.ఎస్. శర్మ గారలు వేసిన వ్యాజ్యములో, గిరిజన యువకులకు ఆయుధములిచ్చి పోరునకు దింపుట రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పెను.

తీర్పు వచ్చినది, తిండిమాట తేలలేదు. 2006నాటి అటవీహక్కుల చట్టము 2005 డిసెంబరు 13కు ముందునుండి సాగులో నున్నవారికే భూమిపై హక్కు నొసగును. కాల్చబడిన యింటినుండి పరుగిడువాడు తేదీ చూచుకొని పరుగిడునా? ఆవలి గట్టున గిరిజనుడైనవాడు ఈవలి గట్టున గిరిజనుడు కాకపోయెను. అటవీశాఖవారు గుడిసెలను పలుమారులు పెరికివేసిరి. కొందరికి కాలక్రమమున రేషనుకార్డులు లభించినవి. ఆకలిగొన్నవానికి ముందు అన్నము పెట్టి, పిమ్మట పుట్టినయూ రడుగుట న్యాయమని నా మతము.

మిరపకోతలనాడు వీరు మైదానపు చేలకు కూలికి వత్తురు. కోత ముగియగానే, కూలిడబ్బుతో బియ్యమును ఉప్పును కొని, మూటలు నెత్తికెత్తుకొని, మరల అడవిదారి పట్టుదురు.