ఆకుపచ్చ కింద

1965 నవంబరు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, నాట్ కౌంటీ. తన ఇంటి పైనున్న కొండవాలును బొగ్గు కోసం చీలుస్తున్న బుల్డోజర్ ముందు అరవై ఒక్కేళ్ల స్త్రీ వెళ్లి కూర్చుంది. పోలీసులు ఆమెను కాళ్లూ చేతులూ పట్టుకుని కిందికి మోసుకుపోయారు. థాంక్స్‌గివింగ్ పండుగనాడు ఆమె భోజనం జైల్లోనే. 'కొరియర్-జర్నల్' పత్రిక ఫోటోగ్రాఫర్ బిల్ స్ట్రోడ్ తీసిన ఆ ఫోటోని దేశమంతా చూసింది. పత్రికలు ఆమెను 'విడో కోంబ్స్' అన్నాయి, చరిత్రకారులూ అదే పేరు నిలబెట్టారు. ఆమె సొంత పేరు ఓలీ. భర్త లేని ముసలమ్మ అనగానే లోకం జాలిపడింది. ఆమె అడిగింది జాలి కాదు, తన నేల తనకు ఉండాలని.

నేల ఆమెదే, కింది బొగ్గు కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివరా ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనూ కంపెనీల ఏజెంట్లు ఆ కొండల్లో తిరిగి భూగర్భ హక్కుల్ని కొనేశారు. కొన్నిచోట్ల ఎకరానికి యాభై సెంట్లే ఇచ్చారు. చదువు రాని వాళ్లు కాగితం మీద గుర్తు పెట్టారు. 'బ్రాడ్ ఫార్మ్ డీడ్' అనే ఆ దస్తావేజు రాసిన రోజుల్లో గని అంటే సొరంగం. కొండనే తొలిచి తీసే యంత్రాలు వాళ్ల ఊహలో లేవు. అయినా దశాబ్దాల తర్వాత కోర్టులు ఆ పాత వాక్యాల్లోనే కొత్త యంత్రాలకు అనుమతి చదివాయి. సాహిత్యం చదువుకున్న నాకు ఇది పాఠ్య వ్యాఖ్యానం సమస్యగా కూడా కనిపిస్తుంది. ఎవరి చదువు చెల్లుతుంది అన్నదే అసలు ప్రశ్న. కెంటకీ ఓటర్లలో ఎనభై శాతానికి పైగా ఆ చదువును కాదని రాజ్యాంగాన్ని సవరించుకునేసరికి 1988 వచ్చింది.

ఈ మధ్యలో 1972 జనవరిలో అదే నాట్ కౌంటీలో ఇరవై మంది దాకా స్త్రీలు ఒక ఉపరితల గనిలోకి వెళ్లి పని ఆపించారు. 1977 ఆగస్టు 3న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఉపరితల గనుల నియంత్రణ, పునరుద్ధరణ చట్టం మీద సంతకం పెట్టినప్పుడు ఓలీ కోంబ్స్ వైట్‌హౌస్‌లో ఉంది. ఆ చట్టం ప్రకారం పైమట్టిని వేరుగా తీసి దాచాలి, తవ్విన చోటును దాదాపు పాత వాలుకు తేవాలి, మట్టి మళ్లీ పరచాలి, మొక్క మొలిపించాలి. అప్పటిదాకా కంపెనీ పూచీసొమ్ము తిరిగి రాదు. అంతకుముందు కోసేసిన కొండల్ని అలాగే వదిలి వెళ్లిపోయేవాళ్లు కాబట్టి ఇది పెద్ద గెలుపే. దాన్ని తక్కువ చేయను. కానీ కొండశిఖరాన్ని మొత్తంగా తీసేసే పద్ధతికి పాత వాలు నియమం నుంచి మినహాయింపు కూడా ఆ చట్టంలోనే ఉంది.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది ఆ తర్వాతి కథ. కొండచరియలు జారతాయని, వాన మట్టిని కోసేస్తుందని భయం. అందుకని బుల్డోజర్లు వాలు మీద అటూ ఇటూ తిరిగి మట్టిని నునుపుగా తొక్కాయి. దానిమీద త్వరగా అల్లుకునే ఫెస్క్యూ గడ్డి, ఆసియా నుంచి వచ్చిన లెస్పెడీజా చల్లారు. ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి పచ్చగా ఉండేది. ఆ పచ్చదనం కింద నేల రోడ్డులా బిగిసిపోయింది. వేరు దిగదు, నీరు ఇంకదు. నాటిన చెట్టు మొక్క చుట్టూ ఉన్న గడ్డితో నీటికీ వెలుగుకూ పోటీపడి ఓడిపోయేది. కుప్పగా పోసి ఏళ్లపాటు ఉంచిన పైమట్టిలో విత్తనాలూ, వేళ్లకు తోడుండే శిలీంధ్రాలూ చాలావరకు చచ్చిపోతాయి. ఓక్, వాల్‌నట్, ట్యూలిప్ పోప్లార్ అడవి ఉన్నచోట గడ్డిబయళ్లు మిగిలాయి. 1997 నుంచి అక్కడ ఎల్క్ జింకల్ని తెచ్చి వదిలారు. చూడటానికి వచ్చేవాళ్లకు బాగానే ఉంటుంది. చెట్ల నీడలో జిన్‌సెంగ్ వేళ్లు తవ్వి అమ్ముకునే కుటుంబాలకు గడ్డిబయలుతో ఏం పని?

చట్టాన్ని అమలు చేసినవాళ్లు కొలిచింది వాలునూ, గడ్డి కప్పినంత మేర నేలనూ. రెండూ దూరం నుంచి కనిపించేవే. ఇల్లూ బావీ పెరడూ ఉన్న మనిషి నేలను కొలిచే తీరు వేరు. ఆడవాళ్ల ఇంటిపనీ కనిపించినంత వరకే లెక్కకు వస్తుందన్నది మనకు పాత సంగతే.

2004లో అపలాచియన్ ప్రాంతీయ అటవీ పునరుద్ధరణ ప్రయత్నం మొదలయ్యాక శాస్త్రవేత్తలు చెప్పింది వినడానికి వింతగా ఉంటుంది: మట్టిని తొక్కకండి. కనీసం నాలుగు అడుగుల లోతున వదులుగా, గడ్డలు గడ్డలుగా వదిలేయండి, గడ్డి పలచగా వేయండి, ఆ తర్వాత అడవి చెట్లు నాటండి. పాత గనుల మీద బిగిసిన నేలను ఇప్పుడు ఇనుప కొక్కేలతో లోతుగా చీలుస్తున్నారు. ఇరవై ఏళ్లకు పైగా నీటుగా చదును చేసిన పనిని వెనక్కి తిప్పుతున్నారన్నమాట. బుల్డోజర్ నడిపేవాడికి అది నచ్చచెప్పడం తేలిక కాదు. నున్నగా ఉన్న వాలే మంచిపనికి గుర్తని వాడికి నేర్పినవాళ్లు వీళ్లే కదా.

సింగరేణిలో 1975లో ఓపెన్‌కాస్ట్ తవ్వకం మొదలైంది, అమెరికా చట్టానికి రెండేళ్ల ముందు. అక్కడ కార్మికులు 'ఓబీ' అనే మాట 'ఓవర్‌బర్డెన్'కు పొట్టిరూపం. బొగ్గు మీద ఉన్న బరువు అని అర్థం. అంటే పొలమూ చెట్టూ బావీ అన్నీ. గోదావరి లోయలోని మట్టిగుట్టల మీద నాటిన తోటల్ని లెక్కించేటప్పుడు మొక్కల సంఖ్యతో ఆగకుండా, ఆ నేలలో వేరు ఎంత లోతు దిగింది, ఒకప్పుడు అక్కడ ఆకూ పుల్లా ఏరుకున్న స్త్రీలు ఇప్పుడు ఏమి ఏరుకోగలుగుతున్నారు అని కూడా అడగాలనుకుంటాను.

ఓలీ కోంబ్స్ 1993లో చనిపోయింది. మట్టిని వదులుగా ఉంచమనే పద్ధతి అధికారికంగా ముందుకొచ్చింది ఆ తర్వాత పదకొండేళ్లకు.