పుట్టగొడుగు ఎవరి చుట్టం?

కాకినాడ జగన్నాథపురంలో 1785లో ఒక యూరోపియన్ వైద్యుడు జిగట విరేచనాలతో చనిపోయాడు. పేరు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. లిన్నేయస్ శిష్యుడు. 1768లో తరంగంబాడి డేనిష్ స్థావరానికి వైద్యుడిగా వచ్చి, మొక్కల వెంట పడి తిరిగినవాడు. చివరి రోజుల్లో దగ్గరున్నది వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్. డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పినన్నాళ్లూ రాక్స్‌బర్గ్ పేరు పదిసార్లు పలికేవాణ్ణి. కోనిగ్ పేరు పుస్తకాల్లో లేదు కనుక పిల్లలకూ తెలియదు.

ఆయన 1779లో చెదల మీద ఒక వ్యాసం అచ్చువేయించాడు. పుట్ట లోపల తేనెపట్టులా గదులుగదులుగా ఉండే ముద్దల్లో శిలీంధ్రం పెరుగుతోందని అందులో రాశాడు. ఎండుగడ్డి, కర్ర నమిలి విసర్జించినదానితో చెదలు కట్టుకునే తోట అది. శిలీంధ్రం దాన్ని జీర్ణం చేస్తుంది, చెదలు శిలీంధ్రాన్ని తింటాయి. వానలు పడ్డాక ఆ తోటలోంచే పొడవాటి కాడ మట్టిని చీల్చుకుని పైకొచ్చి గొడుగు విప్పుతుంది. మన పుట్టగొడుగు ఇదే.

దీన్ని ఏ ప్రజాతిలో చేర్చాలన్నది తర్వాతి తగాదా. పందొమ్మిదో శతాబ్దంలో సిలోన్ నుంచి ఎండబెట్టిన నమూనాలు ఇంగ్లండులో శిలీంధ్ర శాస్త్రవేత్త బర్క్‌లీ బల్ల మీదికి చేరేవి. గొడుగు వెళ్లింది, పుట్ట వెళ్లలేదు. అప్పటికి చెలామణిలో ఉన్నది స్వీడన్ శాస్త్రవేత్త ఫ్రీస్ పద్ధతి: మొప్పల తీరు చూడు, రాలే సిద్ధబీజాల రంగు చూడు. వీటివి లేత గులాబీ. కనుక గులాబీ వాళ్ల వరసలో కూర్చోబెట్టారు. సిలోన్ పెరాదెనియ తోటలో పనిచేసిన టామ్ పెచ్ పుట్టలు తవ్వించి, కాడ చివర తోటకే అంటుకుని ఉందని 1906లో వివరంగా రాశాడు. అయినా పేరు పెట్టేటప్పటికి ఆయనా పాత గులాబీ ప్రజాతుల్లోనే సర్దాడు. పుట్ట లోపలి సంగతి అంత బాగా చూసినవాడు అక్కడ ఎందుకు ఆగిపోయాడో అని నాకు కోపంలాంటిది వస్తుంది.

ఆ సాహసం ఫ్రెంచివాడైన రోజే హైమ్ చేశాడు. చెదలతో కాపురమే అసలు గుర్తు అనుకుని 1942లో టెర్మిటోమైసెస్ అనే ప్రజాతిని నిలబెట్టాడు. అందరూ ఒప్పుకోలేదు. వందలకొద్దీ గుంపుగా లేచే చిట్టి రకానికి పొడుగు వేరులాంటి కాడ ఉండదు. చెదలు బయటికి తెచ్చి పారబోసిన తోట ముక్కల మీద అది మొలుస్తుంది. దాన్ని శిలీంధ్ర శాస్త్రవేత్త సింగర్ 1945లో పొడాబ్రెల్లా అని వేరు చేశాడు. 1981లో చైనాలో సైనోటెర్మిటోమైసెస్ అని ఇంకొకటి పుట్టింది. మద్రాసులో నటరాజన్ మాత్రం 1979లో దక్షిణాది రకమొకదానికి హైమ్ పేరే పెట్టి, ఆయన ప్రజాతిలోనే ఉంచాడు.

తీర్పు డీఎన్ఏ చెప్పింది. 2002, 2003ల్లో వచ్చిన పరిశోధనల్లో రైబోజోమ్ జన్యువులు పోల్చి చూస్తే, పొడాబ్రెల్లా, సైనోటెర్మిటోమైసెస్ రెండూ టెర్మిటోమైసెస్ కొమ్మ లోపలే తేలాయి. చెదలతో ఈ పొత్తు ఆఫ్రికాలో ఒకే ఒక్కసారి మొదలైందనీ తేలింది. హైమ్ గెలిచాడు. ఫ్రీస్ రంగుల లెక్క మాత్రం తప్పింది: ఇది గులాబీ వాళ్ల కుటుంబాలకు చెందినది కాదు. కుటుంబం లయోఫిల్లేసీ. అందులో ఎక్కువ మందివి తెల్ల సిద్ధబీజాలు. సూపర్‌మార్కెట్లో ప్యాకెట్లలో అమ్మే పాల పుట్టగొడుగు, కాలొసైబ్ ఇండికా, ఈ కుటుంబానిదే.

అలాగని రూపాన్ని పక్కన పెట్టమనను. జన్యువు చదవాలన్నా ముందు సరైన గొడుగు చేతికి రావాలి. తొలకరికి మీకు కొత్త రకం కనిపిస్తే కాడ పట్టి లాగేయకండి. పక్కన జాగ్రత్తగా తవ్వి, చివర ఎక్కడిదాకా పోయిందో చూడండి. గొడుగు కోసి, మొప్పలు కిందికి ఉండేలా తెల్ల కాగితం మీద పెట్టి, రాత్రంతా గిన్నె బోర్లించండి. పొద్దున ఆకుపచ్చ పొడి కనిపిస్తే అది క్లోరోఫిల్లమ్, విషం, పారేయండి. గులాబీ పడినంత మాత్రాన తినొచ్చని కాదు. ఎరిగినవాళ్లకు చూపించాకే పొయ్యి వెలిగించండి.