ఖాజీ ఆవరణలోని పిల్లులు



నోరులేని ప్రాణుల హక్కును గురించి చరిత్రలోని కొన్ని సంగతులను నేడు మీ ముందుంచదలిచాను.

పిల్లిని బంధించి ఆకలితో చంపిన స్త్రీని గూర్చిన హదీసు మీరంతా విన్నదే. అది బుఖారీలోనూ, ముస్లింలోనూ ఉన్నది. అందులో ఒక అంశాన్ని మనం తరచుగా దాటిపోతాము. ఆమె తిండి పెట్టకపోవడమే కాదు, దాని తిండి అది వెతుక్కొనేందుకు విడిచిపెట్టనూ లేదు. తలుపు మూసిన క్షణం నుండి ఆ ప్రాణి భారం ఆమె మెడపై పడింది.

దీనికి పూర్తిగా భిన్నమైన ఇల్లు హజ్రత్ అబూ ఖతాదా (రజి) గారిది. ఆయన వుజూ కొరకు కోడలు కబ్షా నీరు పోయగా, ఒక పిల్లి వచ్చి తాగబోయింది. ఆయన దానిని తరిమివేయలేదు; సులువుగా తాగేందుకు పాత్రను వంచి పట్టుకున్నారు. ఆశ్చర్యంతో చూస్తున్న కోడలితో, పిల్లి అశుద్ధమైనది కాదని, మన చుట్టూ మసలే వాటిలో అదొకటని దైవప్రవక్త (స) సెలవిచ్చినట్లు తెలిపారు. ధర్మవేత్తలు దీని నుండి నీటి శుభ్రత మసలా తీశారు. అది సరే. కాని ‘మసలేవారు’ అనే ఆ పదం సూరె నూర్ 58వ ఆయతులో ఇంటి సేవకులను, పిల్లలను గురించి వచ్చినదని కూడా గుర్తుంచుకోవాలి.

క్రీ.శ. 1262లో కైరోలో పరమపదించిన ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ తమ ‘ఖవాయిదుల్ అహ్‌కామ్’ గ్రంథంలో మనిషిపై పశువులకున్న హక్కులను వివరించారు. ముసలిదై, జబ్బుపడి, ఇక ఏ ప్రయోజనమూ ఇవ్వలేని పశువును సైతం పోషించవలసిందేనన్నారు. దాని కళ్లముందు దాని పిల్లలను కోయరాదన్నారు.

ఆ ఇమామ్ చివరి రోజులలో ఈజిప్టు సింహాసనం ఎక్కినవాడు సుల్తాన్ జాహిర్ బైబర్స్ (1260–1277). మంగోలులతోనూ, సిలువ సైన్యాలతోనూ తలపడిన ఈ యోధుడు కైరో నగరానికి ఉత్తరాన, తన మస్జిదు సమీపంలోని ఒక తోటను పిల్లుల పోషణకు వఖ్ఫ్ చేశాడని ప్రతీతి. జనం దానిని ‘పిల్లి తోట’ అన్నారు.

ఆ వఖ్ఫ్ తరువాతి గతి ఏమిటి? 1830లలో కైరోలో నివసించిన ఆంగ్లేయుడు ఎడ్వర్డ్ లేన్ దానిని గ్రంథస్థం చేశాడు. తోట పలుమార్లు చేతులు మారి, పిల్లుల పేర మిగిలినది ఏడాదికి 15 పియాస్టర్ల నేల అద్దె మాత్రమే. (వఖ్ఫ్ ఆస్తుల కథ మనకు కొత్తదేమీ కాదు.) అయినా ప్రతి సాయంత్రం ఖాజీ న్యాయస్థానపు ఆవరణలో పిల్లులు గుమిగూడేవి, వాటికి తిండి పెట్టేవారు. ఖర్చు దాదాపు అంతా ఖాజీ పైనే పడింది. లేన్ ఇది కూడా వ్రాశాడు: పిల్లిని వదిలించుకోదలచిన కైరోవాసులు దానిని తెచ్చి ఖాజీ ఆవరణలో విడిచిపోయేవారు!

అది చదివినప్పుడు మన మస్జిదులే గుర్తుకు వస్తాయి. పిల్లలు ముచ్చటపడ్డారని కూనను తెచ్చుకుంటారు. నెల తిరక్కముందే ఎవరో ఒకరు అన్నం పెడతారులే అని, సంచిలో తెచ్చి వుజూఖానా పక్కన వదిలి వెళతారు. తెచ్చుకునే ముందే, ఊరికి వెళితే దీనికెవరు తిండి పెడతారు, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు అని ఇంటిల్లిపాదీ ఆలోచించుకోవాలి.

పోషించని యజమానిని న్యాయస్థానం బలవంతపెట్టవచ్చునా అన్న విషయంలో ఇమామ్ అబూ హనీఫా (రహ్) అది అల్లాహ్ ఎదుట అతని బాధ్యత అన్నారు గాని తీర్పుతో బలవంతం చేయమనలేదు. ఆయన శిష్యుడు, స్వయంగా ఖాజీ అయిన ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్) మాత్రం బలవంతపెట్టాలన్నారు. బాధ్యత ఉన్నదా లేదా అన్న దానిలో గురుశిష్యులకు భేదం లేదు. సాకలేనివాడు సాకగలిగిన చేతికి దానిని అప్పగించాలి. గోడ అవతల వదలడం అప్పగింత కాదు.