ఐదు నదుల తగవు

దేశాల మధ్య తగవులు ఎందుకు వస్తాయని ఎవరినైనా అడగండి, పాలకుల దురాశ అంటారు, మతము అంటారు. అసలు కారణము ఒక్కోసారి కాలువ గట్టు మీద ఉంటుంది. ఉర్దూ చదువు పిల్లలకు మేము 'పంజ్' అంటే ఐదు, 'ఆబ్' అంటే నీరు, అదే పంజాబ్ అని చెప్పుచుంటాము. 'బారీ దోఆబ్' లోని 'బారీ' కూడా బియాస్, రావి నదుల పేర్ల ముక్కలు కలిపినదే.

1947లో ఆ నీళ్ళ మధ్య గీత పడినది. రావి మీది మాధోపూర్, సట్లెజ్ మీది ఫిరోజ్‌పూర్ హెడ్‌వర్క్స్ భారతదేశానికి వచ్చినవి. వాటి నీటితో పండే పొలాలు ఎన్నో పాకిస్తాన్‌లో పడ్డాయి. తాళంచెవి ఒకరి చేతిలో, గాదె మరొకరి ఇంట్లో! తాత్కాలిక ఒప్పందము 1948 మార్చి 31తో ముగియగా, మరునాడే తూర్పు పంజాబ్ ప్రభుత్వము నీరు ఆపినది. మే 4న ఢిల్లీలో మాట కుదిరింది గాని అనుమానము పోలేదు.

ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు యూజీన్ బ్లాక్ మధ్యవర్తిగా ముందుకు రాగా, 1952లో ఇరుపక్షాల ఇంజనీర్లు వాషింగ్టన్‌లో కూర్చున్నారు. అన్ని నదులనూ ఉమ్మడిగా వాడుకోవాలని మొదట అనుకున్నారు, అది సాగలేదు. 1954లో బ్యాంకు వేరే దారి చూపినది: నీటిని కాదు, నదులనే పంచుకోండి అని. రావి, బియాస్, సట్లెజ్ మనకు. సింధు, జీలం, చీనాబ్ వారికి. ఉమ్మడి కుటుంబము వేరుపడినట్లే గదా! మాకు మాత్రము ఇందులో తెలివే కనబడుతుంది. పడనివాళ్ళను రోజూ ఒకే బావి దగ్గర నిలబెడితే కొట్లాట తప్పదు.

అయినా సంతకాలకు ఇంకా ఆరేళ్ళు పట్టింది. డబ్బే కారణము. పాకిస్తాన్ కొత్త కాలువలు త్రవ్వుకోవాలి, మంగ్లా వంటి ఆనకట్టలు కట్టుకోవాలి. ఇతర దేశాలు సాయము చేశాయి, భారతదేశము 6 కోట్ల 20 లక్షల పౌండ్ల పైచిలుకు పది వాయిదాలలో ఇవ్వడానికి ఒప్పుకున్నది. 1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సంతకాలు చేశారు. 1965లో యుద్ధము జరిగినా వాయిదాలు ఆగలేదు.

లోటు లేదని మేము అనము. పడమటి నదుల మీద నీరు నిల్వ చేయడానికి షరతులెక్కువని కాశ్మీరు ప్రజల ఫిర్యాదు. బగ్లిహార్ ఆనకట్ట మీద వచ్చిన పేచీని 2007లో తటస్థ నిపుణుడు, కిషన్‌గంగ పేచీని 2013లో మధ్యవర్తిత్వ న్యాయస్థానము తీర్చాయి. రెండుసార్లూ ఎవరికీ పూర్తి గెలుపు రాలేదు.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. మరునాడు భారత ప్రభుత్వము ఒడంబడికను నిలిపి ఉంచుతున్నట్లు ప్రకటించినది. మార్చాలన్నా ముగించాలన్నా రెండు ప్రభుత్వాలూ కలిసి మరో ఒడంబడిక చేసుకోవాలని దాని పన్నెండవ అధికరణములో వ్రాసి ఉన్నది.