కానిస్టేబుల్ సమ్మె ఎందుకు చెయ్యలేడు?

మన తెల్లాపూర్‌లో ఐటీ ఉద్యోగి కావాలంటే యూనియన్‌లో చేరొచ్చు, ప్లకార్డ్ పట్టుకోవచ్చు. అదే చౌరస్తాలో డ్యూటీ చేసే కానిస్టేబుల్ ఆ పని చేస్తే? కేసు జైలు దాకా వెళ్లొచ్చు. ఎందుకో ఇవాళ చెప్తాను.

2024 అక్టోబర్ గుర్తుందా? తెలంగాణ స్పెషల్ పోలీస్ కానిస్టేబుళ్ల భార్యలు పిల్లల్ని ఎత్తుకుని రోడ్డు మీదికొచ్చారు. బెటాలియన్ వాళ్లని ఎక్కడ బందోబస్తు ఉంటే అక్కడికి పంపుతారు. ఇంటి మొహం చూడాలంటే సెలవే దిక్కు. ఆ సెలవుల పద్ధతి మార్చారని వాళ్ల కోపం. 'ఏక్ పోలీస్' కావాలన్నారు, అంటే పోలీసులందరికీ ఒకటే విధానం. తర్వాత కానిస్టేబుళ్లూ గొంతు కలిపారు. 39 మంది సస్పెండ్ అయ్యారు. ఆ వెంటనే 10 మందిని ఉద్యోగంలోంచి తీసేశారు. రాజ్యాంగం 311(2)(బి) కింద, అంటే విచారణ లేకుండానే!

మరి ముందు భార్యలే ఎందుకొచ్చారు? ఎందుకంటే చట్టం కట్టేసింది భర్తల్ని. పోలీసుల ప్రాథమిక హక్కుల్ని తగ్గించే అధికారం రాజ్యాంగం 33వ అధికరణం పార్లమెంటుకి ఇచ్చింది. దాంతో 1966లో ఒక చట్టం వచ్చింది. అనుమతి లేకుండా యూనియన్‌లో చేరకూడదు. చేరితే రెండేళ్ల దాకా జైలు. ఢిల్లీ పోలీసుల సంఘం ఒకటి దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1986లో ఓడిపోయింది. గుర్తింపు ఉన్న పోలీసు సంఘాలు మనకీ ఉన్నాయి. అవి వినతిపత్రాలు ఇవ్వగలవు, సమ్మెకి పిలుపివ్వలేవు.

ప్రభుత్వాల భయం ఊరికే రాలేదు. 1979లో పంజాబ్‌లో మొదలైన పోలీసు ఆందోళన చాలా రాష్ట్రాలకి పాకింది. బొకారోలో సీఐఎస్ఎఫ్ జవాన్ల మీదికి సైన్యాన్నే పంపారు. ప్రాణాలు పోయాయి.

ఇప్పుడు బ్రిటన్ చూడండి. 1918లో లండన్ పోలీసులు సమ్మె చేశారు. 1919లో అక్కడా చట్టం తెచ్చి యూనియన్‌ని నిషేధించారు. కానీ అదే చట్టంలో పోలీస్ ఫెడరేషన్‌ని పెట్టారు. సిబ్బంది బాగోగుల గురించి మాట్లాడ్డమే దాని పని. అంటే సమ్మె హక్కు తీసుకుని, మాట్లాడే హక్కు ఇచ్చారు.

తుపాకీ పట్టినోళ్లు సమ్మె చెయ్యకూడదంటే నేనూ ఒప్పుకుంటాను. కానీ నోరు కట్టేసిన చట్టమే, వినే చెవిని కూడా ఇవ్వాలి కదా? మన 1966 చట్టంలో ఆ రెండో సగం లేదు. అది వచ్చేదాకా, కానిస్టేబుల్ కష్టం రోడ్డెక్కి చెప్పాల్సింది వాళ్లింటి ఆడవాళ్లే.