పారాచూటు కథ: క్షేమంగా నేలకు దిగే విద్య

అభిమన్యునికి పద్మవ్యూహంలో ప్రవేశించడం తెలుసును; తిరిగి వెలువడడం తెలియదు. ఈ కథ మన ఇళ్ళలో పసిపిల్లలకు కూడా తెలిసినదే. ఆకాశం విషయంలో మానవుని స్థితి కూడా చాలాకాలం ఇట్లాగే ఉండినది. 1783లో ఫ్రాన్సు దేశంలో మోంగోల్ఫియే సోదరులు వేడిగాలి బుడగతో నింగికి దారి తెరచినారు. ఎక్కే విద్య అబ్బినది. పైన ప్రమాదం సంభవించినప్పుడు ప్రాణాలతో దిగే విద్య మాత్రం అంత సులభంగా అబ్బలేదు. ఆ రెండవ విద్యను మానవుడు ఒక్కొక్క మెట్టుగా నేర్చుకొన్న చరిత్రయే పారాచూటు చరిత్ర.

ఎత్తునుండి పడిపోతామన్న భయం మన ఓరుగల్లు సీమకు కొత్త కాదు. తాటివనాలలో మోకు, ముస్తాదు కట్టుకొని ప్రతిదినం చెట్టెక్కే గీత కార్మికునికి ఆ భయం నిత్య సహచరి. పట్టు తప్పి పడి ప్రాణాలు కోల్పోయినవారు, నడుము విరిగి మంచాన పడినవారు మన పల్లెలలో ఎందరో ఉన్నారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం అనే పేరుతో వారికి రక్షణ పరికరాలు ఇవ్వడం ప్రారంభించినది. ఆకాశంలో దూకేవాని సామగ్రికి కూడా మూలసూత్రం అదే. దేహాన్ని గట్టిగా పట్టి ఉంచే పట్టీలు, ఒకటి తప్పితే ఆదుకొనే మరొకటి, వీటన్నిటినీ ముందుగా పరీక్షించుకొనే అలవాటు. పట్టుకొనడానికి చెట్టు లేదు కనుక పారాచూటు గాలినే పట్టుకొంటుంది.

గాలిని పట్టుకొనవచ్చుననే ఊహ చాలా పాతది. పదునైదవ శతాబ్దిలోనే ఇటలీ చిత్రకారుడు లియొనార్డో డావించి గోపురం వంటి నారబట్ట గుడారం కింద వేలాడే మనిషి బొమ్మ గీసినాడు. 1783 డిసెంబరులో లెనోర్మాన్ అనే ఫ్రెంచివాడు మోంపెల్యే నగరంలో ఒక బురుజుపై నుండి దూకి క్షేమంగా దిగినాడు. పారాచూటు అనే పేరు పెట్టినవాడు కూడా ఆయనే. ఆ మాటకు ‘పతనం నుండి కాపాడేది’ అని అర్థం. 1797 అక్టోబరు 22న ఆంద్రే జాక్ గార్నెరిన్ పారిస్ నగరంపై సుమారు 3,000 అడుగుల ఎత్తున బుడగ తాడు కోసివేసి, పట్టుబట్టతో చేసిన పారాచూటుతో దిగివచ్చినాడు. కింద వేలాడే బుట్ట గడియారం లోలకం వలె అటూ ఇటూ భయంకరంగా ఊగినది. బట్ట కింద చిక్కుకొన్న గాలి ఒకసారి ఈ అంచు నుండి, ఒకసారి ఆ అంచు నుండి పొరలిపోవడమే ఆ ఊగుకు కారణం. తరువాతివారు గొడుగు నడినెత్తిన చిన్న రంధ్రం పెట్టినారు. చిక్కిన గాలికి తిన్ననైన దారి దొరికినది, ఊగు తగ్గినది. గాలిని పట్టే సాధనానికి రంధ్రం పెట్టడం చూడడానికి వింత. కాని గుండ్రని పారాచూట్లకు ఆ రంధ్రమే స్థిరత్వం ఇచ్చినది.

ఈ విద్యకు చెల్లించిన మూల్యం తక్కువ కాదు. 1837 జూలై 24న లండనులో రాబర్ట్ కాకింగ్ అనే వృద్ధుడు తలకిందులైన గొడుగు ఆకారంలో ఒక పారాచూటు నిర్మించి, బుడగ కింద వేలాడుతూ సుమారు 5,000 అడుగుల ఎత్తుకు పోయి విడిపోయినాడు. ఆయన ఆలోచన పూర్తిగా నిరాధారమైనది కాదు. కాని ఆ పరికరం బరువు మిక్కుటం, కూర్పు బలహీనం. అది గాలిలోనే ఛిన్నమైపోయినది; కాకింగ్ మరణించినాడు. 1912 ఫిబ్రవరిలో ఫ్రాంజ్ రైఖెల్ట్ అనే దర్జీ తాను కుట్టిన పారాచూటు అంగీ తొడుక్కొని ఈఫెల్ గోపురం మొదటి అంతస్తు నుండి దూకినాడు. బొమ్మను పడవేసి పరీక్షించుమని మిత్రులు చెప్పినా వినలేదు. అంగీ విచ్చుకోలేదు, దర్జీ దక్కలేదు. మనిషికి ముందు బొమ్మను దింపవలెననే నియమం వెనుక ఇటువంటి మరణాలున్నవి.

ఆ సంవత్సరమే అమెరికాలో ఆల్బర్ట్ బెరీ ఎగురుతున్న విమానం నుండి పారాచూటుతో దిగినాడు. అయినను మొదటి ప్రపంచయుద్ధంలో పరిశీలక బుడగలలోని సైనికులకు పారాచూట్లు ఇచ్చిన బ్రిటిషు ప్రభుత్వం విమాన చోదకులకు ఇవ్వలేదు. పరికరం బరువనీ, విమానంలో చోటు చాలదనీ కారణాలు చెప్పినారు. చేత పారాచూటు ఉంటే చోదకుడు విమానాన్ని తొందరపడి వదలివేస్తాడేమో అనే శంక కూడా ఉండినదంటారు. మండుతున్న విమానాలలో ఎందరో యువకులు ఆహుతియైనారు. జర్మనులు మాత్రం 1918లో తమ చోదకులకు పారాచూట్లు ఇచ్చినారు.

యుద్ధం ముగిసిన తరువాత, 1919 ఏప్రిల్ 28న అమెరికాలో లెస్లీ ఇర్విన్ విమానం నుండి దూకి, కొంతదూరం వట్టిగా పడిపోయి, తన చేతితోనే తాడు లాగి వీపునున్న పారాచూటును తెరచినాడు. అంత ఎత్తు నుండి వేగంగా పడేవానికి స్పృహ తప్పుతుందని అంతవరకు చాలామంది నమ్మినారు. ఆ భ్రమ తొలగినది. అయితే ఒక ముచ్చట ఉన్నది. ఆకాశాన్ని జయించిన ఇర్విన్ నేలను తాకేటప్పుడు చీలమండ విరుగగొట్టుకొన్నాడు. గొడుగు చేసే పని గొడుగు చేసినది. చివరి పని మాత్రం మనిషి శరీరమే నేర్చుకొనవలసి ఉన్నది.

ఆ నేర్పు ఏమిటో కొంచెం వివరంగా చూద్దాము. గాలిలో వట్టిగా పడే మనిషి వేగం పెరిగి పెరిగి, గంటకు ఇంచుమించు 190 కిలోమీటర్ల వద్ద నిలకడ పొందుతుంది. 28 అడుగుల వ్యాసం గల గుండ్రని పారాచూటు విచ్చుకొనగానే అది సెకనుకు ఐదారు మీటర్లకు తగ్గుతుంది. అనగా ఒక నిలువెత్తు గోడ మీది నుండి దూకినవాడు నేల తాకే వేగమన్నమాట. ప్రాణం తీసేది కాదు, కాని కాలు విరచడానికి చాలును. అందుచేత రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైనిక శిక్షకులు పడే పద్ధతినొకదానిని తీర్చిదిద్దినారు. పాదాలు రెండూ, మోకాళ్ళు రెండూ జతగా అంటి ఉండవలె. మోకాళ్ళు బిగియగా కాక స్వల్పంగా వంగి ఉండవలె. గడ్డం రొమ్ముకు ఆన్చి, మోచేతులు దగ్గరకు తీసుకొనవలె. చూపు కాళ్ళ కింది నేలపై కాక దిగంతంపై నిలుపవలె. నేలను చూచినవాడు దానిని అందుకొనడానికి తెలియకుండానే కాలు చాస్తాడు. చాచిన కాలు విరుగుతుంది. పాదం తాకగానే నిలబడే ప్రయత్నం చేయక, గాలి తోసిన దిక్కుకు పక్కవాటుగా ఒరిగి దొర్లవలె. మొదట మునివేళ్ళ మడమ కాక ముందు పాదం, తరువాత పిక్క, తొడ, పిరుదు, వీపు పక్కభాగం, ఇట్లా ఐదు చోట్ల వరుసగా దెబ్బను పంచుకొంటాయి. ఒక్క ఎముక మోయలేని భారాన్ని దేహమంతా పంచుకొని మోస్తుంది. నిలబడడమే గౌరవమనుకొనే మనిషికి, సరిగా పడడం కూడా ఒక విద్య అని ఈ పద్ధతి బోధించినది.

మన దేశానికి ఈ విద్య యుద్ధంతోనే వచ్చినది. అంతకు పూర్వం 1890లో రామచంద్ర ఛటర్జీ కలకత్తాలో బుడగ నుండి పారాచూటుతో దిగి, ఆ ఘనత పొందిన తొలి భారతీయుడైనాడు. 1941లో భారత సైన్యంలో 50వ పారాచూటు బ్రిగేడు ఏర్పడినది. ఆ సంవత్సరం అక్టోబరు 15న కరాచీలో సైనిక వైద్యుడు రంగరాజ్, హవల్దార్ మేజర్ మధురా సింగ్ దూకినారు. భారత సైనికులలో వారే ప్రథములు. ఈ రంగరాజ్ గారే తరువాత కొరియా యుద్ధంలో భారత వైద్యదళానికి నాయకత్వం వహించి, 1951 మార్చిలో తన సహచరులతో మున్‌సాన్ వద్ద పారాచూటుతో దిగి క్షతగాత్రులకు చికిత్స చేసినారు. ప్రాణం తీయడానికి కాక ప్రాణం పోయడానికి దూకిన వీరుడాయన. 1959లో వాయుసేన వైద్యాధికారిణి గీతా ఘోష్ మన దేశంలో పారాచూటుతో దూకిన తొలి మహిళా సైనికురాలైనారు. స్వాతంత్ర్యానంతరం ఈ శిక్షణకు ఆగ్రా నగరం కేంద్రమైనది.

యుద్ధకాలంలో పట్టుకు కరువు వచ్చినది. జపాను పట్టు ఆగిపోయి, అమెరికాలో కొత్తగా వెలసిన నైలాను ఆ స్థానాన్ని ఆక్రమించినది. బర్మా రంగంలో జనరల్ స్లిమ్ సేనలకు ఆహారం, మందుగుండు విమానాల నుండి జారవిడువవలసి వచ్చినప్పుడు పారాచూట్లు చాలలేదు. అప్పుడు కలకత్తా జనపనార మిల్లులు ఆదుకొన్నవి. గోనెనారతో నేసిన ఆ పారాచూటుకు ఒక పౌనుకు కొంచెం మించి ఖర్చయినది. మామూలు దానికి ఇరువది పౌన్లు పైమాటే. మనుషులను దింపడానికి కాదు కాని, బియ్యపు బస్తాలను దింపడానికి అవి చక్కగా పనికివచ్చినవి.

ఆ తరువాత పారాచూటు ఆకారమే మారిపోయినది. 1960 దశకంలో డొమినా జాల్బర్ట్ అనే ఆయన గాలి నింపుకొనే అరలతో రెక్క వంటి పారాచూటును కల్పించినాడు. ఇది వట్టిగా దిగదు, ముందుకు సాగుతూ దిగుతుంది. నేడు వినోదానికి దూకేవారు వాడేది ఇదియే. వారి వీపు సంచిలో ఒకటి కాదు, రెండు పారాచూట్లుంటాయి. రెండవదానిని అర్హత పొందిన నిపుణుడే మడచి సీలు వేయవలె. చేతికి ఎత్తును చూపే మాపకం, తలకు శిరస్త్రాణం ఉంటాయి. 1991 నుండి వాడుకలోకి వచ్చిన ఒక చిన్న యంత్రం, దూకినవాడు స్పృహ తప్పినా, సుమారు 750 అడుగుల ఎత్తులో ఇంకా వేగంగా పడుతున్నట్లు గ్రహిస్తే తానే రెండవ పారాచూటును తెరపిస్తుంది. దిగేటప్పుడు గాలికి ఎదురుగా తిరిగి, నేల సమీపించగానే రెండు తాళ్ళను సమంగా కిందికి లాగితే పక్షి రెక్కలెత్తి వాలినట్లు మెల్లగా వాలవచ్చును. వింత ఏమంటే, పరికరం ఇంత మెరుగైన తరువాత కూడా, చక్కగా తెరచుకొన్న పారాచూటు కిందనే మనుషులు మరణిస్తున్నారు. నేలకు దగ్గరగా వచ్చి, వేగం కోసమో, అడ్డం తప్పించుకొనడానికో హఠాత్తుగా మలుపు తిప్పడమే అందుకు కారణం. సాధనం సాహసాన్ని పెంచినది. వివేకాన్ని మనిషే పెంచుకొనవలె.

ఇక మన ప్రాంతానికి వద్దాము. ఓరుగల్లు పరిసరాలలో పారాచూటు అంటే సైనికుల వస్తువు మాత్రమే కాదు. హైదరాబాదులో టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి బుడగల కేంద్రం ఉన్నది. శీతాకాలం నుండి వేసవి ఆరంభం వరకు అక్కడ నుండి, చాలావరకు రాత్రి వేళ, హైడ్రోజను నింపిన పలుచని ప్లాస్టిక్ బుడగలను ఎగురవేస్తారు. 50 నుండి 85 మీటర్ల వ్యాసం గల ఆ బుడగలు శాస్త్ర పరికరాలను మోసుకొని 30 నుండి 42 కిలోమీటర్ల ఎత్తుకు పోతాయి. పని ముగియగానే నేల మీది నుండి రేడియో ఆజ్ఞ పోతుంది. పరికరాల పెట్టె బుడగ నుండి విడిపోతుంది. అంత ఎత్తున గాలి నేల మీది గాలిలో నూటికి రెండవ వంతైనా ఉండదు. అందుచేత మొదట వేగంగా పడి, గాలి చిక్కబడిన కొద్దీ నెమ్మదించి, రంగుల పారాచూటు కింద పెట్టె ఏ చేలోనో వాలుతుంది. అది విశాఖపట్నం, హైదరాబాదు, షోలాపూరులను కలిపే గీత వెంబడి 200 నుండి 350 కిలోమీటర్ల దూరంలో ఎక్కడైనా దిగవచ్చును. ప్రభుత్వ ప్రకటనలలో పేర్కొన్న జిల్లాలలో వరంగల్లు కూడా ఒకటి.

ఆ పెట్టెలో ఏముంటుందో ఒక్క ఉదాహరణ చాలును. 2005 ఏప్రిల్ 20న ఇస్రో వారు ఈ కేంద్రం నుండి 459 కిలోల సామగ్రిని పంపినారు. సూక్ష్మక్రిములు లేకుండా శుద్ధిచేసిన ఉక్కు గొట్టాలలో 20 నుండి 41 కిలోమీటర్ల ఎత్తులలోని గాలిని పట్టి, పారాచూటుతో దింపినారు. ఆ గాలిని పరిశీలించగా, భూమి మీద అంతవరకు ఎవరూ గుర్తించని మూడు జాతుల సూక్ష్మజీవులు కనబడినవి. ఒకదానికి ఆర్యభటుని పేరు, ఒకదానికి ఇస్రో పేరు పెట్టినారు. ఆ గొట్టాన్ని చేలో ఎవరైనా కుతూహలంతో విప్పి ఉంటే ఆ శ్రమయంతా వ్యర్థమయ్యేది. 2022 డిసెంబరులో వికారాబాదు జిల్లాలోని మొగిలిగుండ్ల గ్రామం వద్ద ఒక పెద్ద తొట్టె వంటి వస్తువు దిగినప్పుడు జనం గుంపులుగా చేరినారు. భవిష్యత్తులో యాత్రికులను మోయడానికి ఉద్దేశించిన స్పెయిన్ దేశపు సంస్థ పరికరం అది. మనుషులు లేకుండా పరీక్షకై పంపినది.

ఇటువంటి పెట్టె మీ చేలో వాలినచో భయపడవలసిన పని లేదు. తాకవలసిన పని అసలే లేదు. కొన్ని పెట్టెలలో ప్రమాదకరమైన విద్యుత్తు ఉంటుంది. పెట్టె మీద చిరునామా వ్రాసి ఉంటుంది. దానిని చూచి కేంద్రానికి గాని, సమీపంలోని పోలీసు ఠాణాకు గాని, తపాలా కార్యాలయానికి గాని కబురు పంపవలె. కబురు పంపినవారికి ఖర్చులతో పాటు బహుమానం కూడా ఇస్తారు. విప్పి చెరచినవారికి మాత్రం ఇవ్వరు.

ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుండి ఎగిరిన ఉపగ్రహ గోళమొకటి పన్నెండు దినాలు భూమిని చుట్టి, 2007 జనవరి 22న పారాచూట్ల సాయంతో బంగాళాఖాతంలో దిగినది. మన వ్యోమగాములను మోయవలసిన గగన్‌యాన్ గృహాన్ని దింపే పారాచూట్లను 2025 ఆగస్టు 24న శ్రీహరికోట సమీపంలోనే పరీక్షించినారు. సుమారు ఐదు టన్నుల బరువు గల నమూనాను హెలికాప్టరు నుండి వదలినారు. అందులో మనుషులు లేరు. రైఖెల్ట్ మిత్రులు ఆనాడు ఈఫెల్ గోపురం వద్ద ఇచ్చిన సలహా అదే: ముందు బొమ్మ, తరువాత మనిషి. గార్నెరిన్ ఊగు నుండి ఇర్విన్ చీలమండ వరకు, కాకింగ్ నుండి ఆ దర్జీ వరకు, దూకినవారు నేర్పిన పాఠాల మీదనే రేపు మన యువకులు నింగి నుండి సముద్రంపైకి దిగనున్నారు.